వదిన ఏడవలేదు

2023 డిసెంబరు మొదటి వారం. మిగ్‌జాం తుపాను బాపట్ల వైపు వస్తోందని టీవీలో ఒకటే గోల. మా వదిన, అంటే మావారి అక్క, ముందురోజే బందరులో బస్సెక్కి బెజవాడలో మా ఇంటికి వచ్చేసింది. ఇది మాకు కొత్తేం కాదు. వాయుగుండం అన్న మాట చెవిన పడితే చాలు, ఆవిడ చేతిసంచీతో మా గుమ్మంలో ఉంటుంది.

వచ్చీరాగానే బిందెలు, బకెట్లు, చివరికి ఆవకాయకని కడిగి పెట్టుకున్న నా జాడీలు కూడా నీళ్ళతో నింపేసింది. అందరి ఆధార్ కార్డులూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచీలో అడుగున పెట్టింది. రాత్రి గాలి మొదలయ్యాక ఇక నిద్ర లేదు, ఆవిడకీ మాకూ. గంటకోసారి లేచి గది గదికీ తిరగడం. "తమ్ముడేడీ? పిల్ల పడుకుందా? అమ్మ ఏది?"

"వదినా, ఇది బెజవాడ. మనం ఉన్నది మూడో అంతస్తు. సముద్రం ఇక్కడికి రాదు" అన్నాను, కొంచెం విసుగ్గానే. ఆవిడ ఏమీ అనలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే మంచుముక్కలా ఉంది. ఒక సంగతి మాత్రం నా మనసులో ఉండిపోయింది. తుపానుకి భయపడేవాళ్ళు కిటికీ వైపు చూస్తారు కదా. ఆవిడ చూపంతా మా వైపే. మమ్మల్ని లెక్కపెడుతోంది.

మా అత్తింటివాళ్ళది దివిసీమ, కోడూరు దగ్గర ఊరు. ఇక చెప్పక్కర్లేదు కదా. 1977 నవంబరు 19, శనివారం. కృష్ణ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న ఆ లంక మీదికి ఉప్పెన ఇంటి కప్పులంత ఎత్తున వచ్చిపడింది. సర్కారు లెక్కే దాదాపు పదివేల ప్రాణాలు. కోతకొచ్చిన వరి ఉప్పునీళ్ళలో కుళ్ళిపోయింది. అప్పటికి వదినకి ఐదేళ్ళు, మావారు పది నెలల పిల్లాడు. అత్తయ్యగారు ఇద్దర్నీ తీసుకుని ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క డాబా ఎక్కారు. మావారి తాతగారు ఎక్కలేకపోయారు.

ఇదంతా మా ఇంట్లో ఎన్నోసార్లు చెప్పుకున్న కథే. దాని తరవాత జరిగింది మాత్రం ఎవరూ కథగా చెప్పరు, ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇల్లు లేదు, మంచినీళ్ళు లేవు, కలరా వస్తుందని భయం. చంటిపిల్లాడికి పాలు. ఆడపిల్లనైనా కాస్త తిండీ నీడా ఉన్నచోట ఉంచుదామని తెనాలిలో ఉన్న మేనత్త ఇంటికి పంపించారు. "నాలుగు రోజుల్లో వచ్చి తీసుకెళ్తానమ్మా" అని చెప్పి పంపారట అత్తయ్యగారు. ఆ నాలుగు రోజులు పదహారు నెలలయ్యాయి.

ఆ మేనత్తగారు మంచి మనిషి. నేను కాపురానికి వచ్చాక కూడా పదేళ్ళు ఉన్నారు. ఏ పెళ్ళిలో కలిసినా వదినని చూపించి ఒకటే మాట: "బంగారం లాంటి పిల్లమ్మా. పదహారు నెలల్లో ఒక్కరోజు అమ్మా అని ఏడిస్తే ఒట్టు." అందరం మెచ్చుకునేవాళ్ళం. నేనూ మెచ్చుకున్నాను.

మా అమ్మాయి డిగ్రీలో సైకాలజీ తీసుకుంది. దాని పుస్తకాలకి అట్టలు వెయ్యడం ఇప్పటికీ నా పనే. అట్ట వేస్తూ చదవడం నాకు చిన్నప్పటి అలవాటు, తెలుగు బి.ఏ. అయినా సగం అలాగే చదివాను. అలా చదువుతుంటే లండన్ గురించిన ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

1939 సెప్టెంబరులో యుద్ధం వస్తూనే బాంబులకి భయపడి ఇంగ్లండు పట్టణాల్లోంచి పిల్లల్ని పల్లెలకి తరలించారు. కొద్ది రోజుల్లో సుమారు 15 లక్షల మందిని పంపారు. చంటిపిల్లలున్న తల్లులు వెంట వెళ్ళారుగానీ, బడి పిల్లలు చాలామంది మెడలో పేరు చీటీ కట్టించుకుని ఒంటరిగా రైలెక్కారు. వెళ్ళలేకపోయినవాళ్ళూ, వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళూ లండన్‌లోనే బాంబుల కింద రాత్రులు గడిపారు. ఫ్రాయిడ్ గారి కూతురు అన్నా ఫ్రాయిడ్, ఆవిడ స్నేహితురాలు డొరొతీ బర్లింగ్‌హామ్ కలిసి హాంప్‌స్టెడ్‌లో అలాంటి పిల్లల కోసం శిశుగృహాలు నడిపారు. వాళ్ళు చూసి రాసింది ఇది: బాంబులు పడుతున్నా తల్లి పక్కనే ఉన్న పిల్లలు చాలావరకు తట్టుకున్నారు. క్షేమంగా ఉండాలని తల్లికి దూరంగా పంపిన పిల్లలే ఎక్కువ చితికిపోయారు.

నాకు డాబా మీది ఐదేళ్ళ పిల్ల కనబడింది. ఆ తరవాత తెనాలి కనబడింది.

ఆ శిశుగృహంలో బాయిలరుకి బొగ్గు వేస్తూ, చిన్నా చితకా మరమ్మతులు చూసే ఒక స్కాట్లండ్ మనిషి ఉండేవాడు. పేరు జేమ్స్ రాబర్ట్‌సన్. అక్కడ పనిచేసేవాళ్ళందరూ, బొగ్గు వేసేవాడితో సహా, పిల్లల్లో గమనించినవి చీటీల మీద రాయాలని అన్నా ఫ్రాయిడ్ నియమం. (ఆ నియమం పెట్టినందుకే ఆవిడకి దణ్ణం పెట్టాలి.) యుద్ధం అయ్యాక 1948లో ఆ రాబర్ట్‌సనే టావిస్టాక్ క్లినిక్‌లో జాన్ బౌల్బీ అనే డాక్టరు దగ్గర చేరాడు. ఆసుపత్రుల్లో పిల్లలు ఎలా ఉన్నారో చూసి రావడం అతని ఉద్యోగం.

ఆ రోజుల్లో అక్కడి ఆసుపత్రుల్లో పిల్లల్ని చేర్పించాక తల్లిదండ్రులు వెళ్ళిపోవాలి. వారానికి ఒకటి రెండు గంటలు చూడనిస్తే గొప్ప, కొన్నిచోట్ల అదీ లేదు. తల్లి వచ్చి వెళ్తే పిల్లలు గోల చేస్తారని వాళ్ళ వాదన. రాకపోతే రెండు రోజుల్లో "సర్దుకుంటారు" అని. రాబర్ట్‌సన్ ఆ వార్డుల్లో కూర్చుని చూస్తే సర్దుకోవడం కనబడలేదు. మూడు మెట్లు కనబడ్డాయి. మొదట గట్టిగా ఏడుపు, అమ్మ కోసం పోరు. తరవాత నీరసించి మూలన పడుండటం. ఆ తరవాత నవ్వుతారు, తింటారు, ఎవరు ఎత్తుకున్నా వెళ్తారు. అమ్మ వస్తే మాత్రం మొహం తిప్పుకుంటారు. ఈ మూడోదాన్నే నర్సులు "సర్దుకుంది" అనేవారు.

రెండో మెట్టుకి మనకి ఎంత చక్కటి మాట ఉందో చూడండి. బెంగ. "పిల్ల అమ్మ మీద బెంగ పెట్టుకుంది, ఒళ్ళు కాలిపోతోంది" అని మా అమ్మమ్మ అనేది. భయపడితే జడుపు జ్వరం. మనసుకి తగిలింది ఒంట్లో తేలుతుందని మన ముసలమ్మలకి తెలుసు. మూడో మెట్టుకి మాత్రం మన దగ్గరా మాట లేదు. మనం కూడా దాన్ని "బుద్ధిమంతురాలు" అనే అన్నాం.

డాక్టర్లు ఎవరూ నమ్మకపోయేసరికి రాబర్ట్‌సన్ సినిమా తీశాడు. అంతకు ముందు కెమెరా పట్టి ఎరగడు. ఏడుపుగొట్టు పిల్లని ఏరుకున్నావనకుండా ఆసుపత్రి జాబితాలోంచి యథాలాపంగా ఒక పేరు తీశాడు. ఆ పిల్ల పేరు లారా, రెండేళ్ళ ఐదు నెలలు, బొడ్డు దగ్గర హెర్నియాకి చిన్న ఆపరేషను, ఎనిమిది రోజులు. రోజూ ఒకే వేళకి తీశానని తెలియడానికి గోడ గడియారం కూడా కనబడేట్టు తీశాడు. లారా పెద్దగా ఏడవదు. పెదాలు బిగబట్టుకుని, అప్పుడప్పుడు మెల్లిగా అమ్మ ఏదని అడుగుతుంది. ఆఖరి రోజున ఇంటికి వెళ్ళేటప్పుడు తల్లి చెయ్యి పట్టుకోదు. 1952లో లండన్‌లో డాక్టర్ల సభలో చూపిస్తే చాలామంది మండిపడ్డారు, మా వృత్తికి మచ్చ తెస్తున్నావని. అయినా ఆ సినిమా ఊరుకోలేదు. 1959లో ప్లాట్ కమిటీ అనే ప్రభుత్వ కమిటీ పిల్లల వార్డుల్లో తల్లిదండ్రులని ఎప్పుడైనా రానివ్వాలని, మరీ చిన్నపిల్లల దగ్గర తల్లిని ఉండనివ్వాలని సిఫారసు చేసింది. నియమాలు మారడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టిందనుకోండి.

సరే, పిల్లప్పటి మాట. కానీ యాభై దాటిన మనిషికి చేతులు ఎందుకు చల్లబడాలి? ఆ జవాబు వేరే దారిలో వచ్చింది, ఎలుకల దగ్గర్నుంచి.

ఇప్పుడు మనం పొద్దున లేస్తే వాడే "స్ట్రెస్" అన్న మాట ఇంజనీర్లది. దాన్ని ఒంటికి అంటగట్టినవాడు హాన్స్ సెల్యే, కెనడాలో మాంట్రియల్‌లో పనిచేసిన డాక్టరు. 1936లో అతను చూసిందేమిటంటే, ఎలుకకి చలి పెట్టినా, దెబ్బ తగిలినా, విషం ఎక్కినా లోపల ఒకే తంతు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు ఉబ్బుతాయి. కష్టం వచ్చినప్పుడు మెదడు కబురంపితే ఆ గ్రంథులే కార్టిసాల్‌ని వదులుతాయి. మనం నిలబడటానికి అది కావాలి. పని అయ్యాక ఆగడం కూడా అంతే అవసరం. మన ఇళ్ళ మీద ట్యాంకులో తేలే బంతి ఉంటుంది చూడండి, నీళ్ళు నిండగానే పైకి లేచి ధార కట్టేస్తుంది. మెదడులో కూడా అలాంటి ఏర్పాటు ఉంది. కార్టిసాల్ తిరిగి మెదడుకే చేరి, అక్కడి గ్రాహకాలకి అంటుకుని "ఇక చాలు" అని చెబుతుంది. గ్రాహకాలు తక్కువైతే చాలు అన్న కబురు ఆలస్యంగా అందుతుంది. ట్యాంకు పొంగిపోతూనే ఉంటుంది.

1950ల్లో సేమూర్ లెవైన్ అనే ఆయన పుట్టీపుట్టని ఎలుక పిల్లలకి చిన్న చిన్న కరెంటు షాకులిచ్చి చూశాడు, పెద్దయ్యాక ఇవి పిరికివవుతాయని. పోలిక కోసం కొన్నింటిని రోజూ కాసేపు బయటికి తీసి మళ్ళీ పెట్టాడు, కొన్నింటిని అసలు ముట్టుకోలేదు. తీరా చూస్తే షాకు తిన్నవీ, ఊరికే తీసిపెట్టినవీ బాగానే ఉన్నాయి. ముట్టుకోనివే బెదురుగొడ్లయ్యాయి! 1957లో ఆయన రాసిన వ్యాసంతో ఇది చాలామందికి పట్టుకుంది. ఎందుకిలా అన్నదానికి గట్టి జవాబు దొరకడానికి నలభై ఏళ్ళు పట్టింది. మళ్ళీ మాంట్రియల్‌లోనే, మైకేల్ మీనీ బృందం 1997లో చెప్పింది. మనిషి చెయ్యి కాదు అసలు సంగతి. బయటికి వెళ్ళొచ్చిన పిల్లని తల్లి ఎలుక ఎక్కువగా నాకుతుంది, ఒళ్ళంతా సవరిస్తుంది. అలా బాగా నాకించుకున్న పిల్లలకి పెద్దయ్యాక గ్రాహకాలు ఎక్కువ. ఇరుకులో పెట్టి భయపెడితే కార్టిసాల్ లాంటి హార్మోను లేస్తుంది, తొందరగా దిగుతుంది. తక్కువ నాకే తల్లి పిల్లని ఎక్కువ నాకే తల్లి దగ్గర పెంచితే పెంచిన తల్లి పోలికే వచ్చింది. 2004లో ఇంకో అడుగు ముందుకేశారు. జన్యువు మారలేదు, దాని మీద అంటించిన చీటీలు మారాయి, అవి పెద్దయ్యాక కూడా ఉండిపోయాయి అని తేల్చారు.

ఇది చదివి నేను ముందు సంబరపడ్డాను. కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె పట్టించి, నలుగు పెట్టి, సాంబ్రాణి పొగ వేసే మన అమ్మమ్మలు గుర్తొచ్చారు. కానీ ఎలుక నాలుకని మన నలుగుపిండిగా మార్చేసి "మన పెద్దలకి అన్నీ ముందే తెలుసు" అనడం నాకు నచ్చదు. అమ్మమ్మలు మంచివాళ్ళు, సైంటిస్టులు కారు.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ కథ ఎవరు చెప్పినా చివరికి బోనులో నిలబడేది తల్లే. బౌల్బీ రాతలు చదివి ఉద్యోగాలకి వెళ్ళే ఆడవాళ్ళని ఎంతమంది సాధించారో. మీనీ బృందమే ఇంకో సంగతి కూడా చూసింది. కడుపుతో ఉన్నప్పుడు కష్టపెట్టిన ఎలుక పుట్టిన పిల్లల్ని తక్కువ నాకింది. ఆ తల్లిని ఎవరు చూశారు మరి? 1977లో మా అత్తయ్యగారి ఒళ్ళు ఎవరు సవరించారు?

ఇక రుమేనియా. ఇది రాయడానికి చెయ్యి రాదు కానీ, రాయకపోతే కథ సగమే. 1966లో చౌషెస్కు అనే పాలకుడు దేశంలో జనం పెరగాలని గర్భస్రావాలు నిషేధించాడు. పెంచలేని పిల్లలు సర్కారు అనాథాశ్రమాలకి చేరారు. 1989 డిసెంబరులో అతను కూలిపోయాక బయటివాళ్ళు వెళ్ళి చూస్తే లక్షకు పైగా పిల్లలు. వరసగా ఇనుప మంచాలు, ఎత్తుకునే చెయ్యి లేదు. చాలా గదుల్లో ఏడుపు కూడా లేదట. ఏడిస్తే ఎవరూ రారని తెలిసిన పిల్లలు ఎందుకు ఏడుస్తారు.

2000 తరవాత నెల్సన్, ఫాక్స్, జీనా అనే ముగ్గురు అమెరికన్లు బుకారెస్ట్‌లో అలాంటి 136 మంది పసిపిల్లల్ని తీసుకుని, చీటీ వేసినట్టు సగం మందిని పెంపుడు ఇళ్ళకి పంపారు. మిగిలిన సగం మంది ఆశ్రమాల్లోనే. ఆ ఊళ్ళో పెంపుడు ఇళ్ళు దాదాపు లేని రోజులవి, వీళ్ళు డబ్బిచ్చి ఏర్పాటు చేసినవే అవి. మిగిలినవాళ్ళకి తరవాత ఇళ్ళు దొరికితే అడ్డుపడలేదు కూడా. అయినా ఆ చీటీ మాట చదివినప్పుడు నా కడుపులో తిప్పింది. మా అమ్మాయితో దాని మీద ఒక పూట పోట్లాడాను.

ఆ పిల్లలకి 12 ఏళ్ళొచ్చాక ఒక పరీక్ష పెట్టారు. తెలియని పెద్దల ముందు నిలబడి మాట్లాడాలి, లెక్కలు చెయ్యాలి. ఎవరికైనా గుండె దడదడలాడుతుంది, కార్టిసాల్ లేస్తుంది. ఇళ్ళల్లో పెరిగిన పిల్లలకి అలాగే లేచింది. ఆశ్రమంలో పెరిగినవాళ్ళకి సరిగా లేవనే లేదు. నేను అనుకున్నదానికి తలకిందులు. ఎక్కువ భయపడతారనుకుంటాం, వాళ్ళ ఒళ్ళు అసలు పలకడమే మానేసింది. రెండేళ్ళ లోపు పెంపుడు ఇంటికి చేరిన పిల్లల ఒళ్ళు మాత్రం మామూలు పిల్లల్లాగే పలికింది. 2015లో వచ్చింది ఈ వ్యాసం.

మా వదిన ఎలుక కాదు, రుమేనియా పిల్లా కాదు. ఐదేళ్ళు తల్లి ఒడిలో పెరిగింది, మేనత్త కడుపులో పెట్టుకుని చూసుకుంది. ఈ లెక్కలు తీసుకెళ్ళి ఆవిడకి అతికించడం తప్పే. కానీ ఒక ప్రశ్న మాత్రం నాలో ఉండిపోయింది. కిందటేడు మే నెలలో ఆవకాయకి మామిడిముక్కలు తుడుస్తూ అడిగేశాను.

"వదినా, తెనాల్లో మీరు నిజంగానే ఏడవలేదా?"

ఆవిడ ముక్క తుడుస్తూనే ఉంది. "ఎందుకేడుస్తానే అమ్మాయ్. ఏడిస్తే అత్త కూడా ఇంకెక్కడికైనా పంపించేస్తే?"

కాసేపయ్యాక మళ్ళీ ఆవిడే అంది. "అందరూ నాకు గాలంటే భయం అంటారు. గాలిదేముంది. ఆ రోజు డాబా మీద అమ్మ నన్ను చీర చెంగుతో తన నడుముకి కట్టేసుకుంది. నాకేం భయం వెయ్యలేదు. గాలి ఆగాకే కదా పంపించేశారు."

ముందుగదిలో టీవీ సౌండు తగ్గింది. అత్తయ్యగారు విన్నారని నాకు తెలిసింది, వదినకి తెలిసిందో లేదో తెలియదు.

ఆ రాత్రి అత్తయ్యగారు నన్ను మంచం దగ్గరకి పిలిచారు. "పదహారు నెలలయ్యాక తీసుకురావడానికి వెళ్తే నా దగ్గరికి రాలేదే అది. వాళ్ళత్త కొంగు చాటుకెళ్ళింది. నాకు ఒళ్ళుమండింది. అప్పుడే నన్ను మర్చిపోయిందా అనుకున్నా. దారంతా దాంతో మాట్లాడలేదు నేను." నేను ఆవిడకి లారా కథ చెప్పాను, నాకు వచ్చినంతలో. చెయ్యి పట్టుకోలేదన్న దగ్గర "రెండేళ్ళ పిల్లా?" అని రెండుసార్లు అడిగారు. ఆ తరవాత తల్లీకూతుళ్ళు దీని గురించి ఏమైనా మాట్లాడుకున్నారేమో నాకు తెలియదు. నేను అడగలేదు.

మొన్న మళ్ళీ బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు. ఇంకా వాయుగుండం కూడా కాలేదు. పొద్దున్నే వదినకి ఫోన్ చెయ్యబోతే అత్తయ్యగారు వద్దన్నారు. రెండు చీరలు, మందుల డబ్బా, కళ్ళజోడు సంచీలో సర్దుకుని హాల్లో కూర్చున్నారు. "నన్ను బందరు బస్సెక్కించరా" అన్నారు మావారితో. తుపాను వస్తుందంటుంటే సముద్రం వైపు వెళ్తావేమిటమ్మా అని ఆయన గొడవ.

"గాలి ఆగాక వెళ్ళి ఏం చెయ్యను" అన్నారావిడ, చెప్పులు వేసుకుంటూ.